స్నానాల గది గడియ

ఇంటర్ పరీక్షల ముందు రేణుక స్నానాల గదిలో గడియ పెట్టుకొని, ఎంత పిలిచినా పలకలేదు. తలుపు పగలగొట్టి కూతురిని బయటికి తెచ్చిన సైదులు, ఆ రోజే ఇంట్లో గడియలన్నీ ఊడబెరికాడు. అప్పటినుంచి ఆ పిల్ల స్నానానికి వెళితే తలుపు దగ్గర ఎవరో ఒకరు కాపలా.

వేసవంతా వేములపల్లి నుంచి సూర్యాపేటకు బస్సులో తిప్పి కౌన్సెలింగ్ ఇప్పించారు. ఇవాళ కౌన్సెలింగ్ మేడమ్ సైదులును లోపలికి పిలిచింది.

"స్నానాల గదికి గడియ మళ్లీ బిగించండి. రేణుక అడుగుతోంది, నేనూ సరేనంటున్నాను."

"రేపు ఏమన్నయితే తలుపు పగలగొట్టెతందుకు మీరొస్తరా?" అని కసిరాడు.

అయినా ఇంటికొచ్చి బిగించాడు. రేణుక లోపలికి వెళ్లింది. టక్కున గడియ పడింది. కాసేపు వినిపించిన నీళ్ల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. సైదులు తలుపు దగ్గరికి ఉరికాడు.

"బాపూ, తలుపుకాడనే ఉన్నవా?"

"లేదు బిడ్డా," అన్నాడు తలుపుకు చెవి ఆనించే.

"భయమైతే భయమైతుందని చెప్పాలె బాపూ. మేడమ్ నాకు గదే నేర్పింది."

సైదులు తలుపు పక్కనే కింద కూర్చున్నాడు.

"భయమైతున్నది బిడ్డా."

"నాకు గూడ," అంది రేణుక.

మళ్లీ నీళ్ల చప్పుడు మొదలైంది.