బతికున్నవాళ్ళు రాని చోటు

ఆదివారం సాయంత్రం రోజమ్మ కూతురు హెప్సిని వెంటబెట్టుకుని ఎడిన్‌బర్గ్‌లో బస్సెక్కింది. చనిపోయినవాళ్ళతో మాట్లాడతామనే వాళ్ళ హాలుకి ప్రయాణం. ఆమె పనిచేసే కేర్ హోమ్‌లో ఓ ముసలావిడ ఆ చోటు చెప్పింది.

"మీ నాన్నతో అనబాక," అంది అమ్మ.

హెప్సి తలూపింది. తెనాలిలో అమ్మమ్మ పోయి వారమైంది. అమ్మకి ఎనిమిదో నెల, పైగా బీపీ. "కాన్పయ్యేదాకా ఆమె చెవిన పడకూడదు. రెండు ప్రాణాలకీ ముప్పు," అని నాన్న హెప్సి దగ్గర మాట తీసుకున్నాడు. అమ్మమ్మ ఐసీయూలో ఉంది, ఫోన్లో మాట్లాడే స్థితిలో లేదు అని అమ్మకి చెప్పారు. వాళ్ళ తెలుగు చర్చి సంఘంలో అందరికీ నిజం తెలుసు. తెలియనిది అమ్మకొక్కదానికే.

హాలు గోడల నిండా సైనిక దుస్తుల్లో కుర్రాళ్ళ ఫోటోలు. మొదటి ప్రపంచ యుద్ధంలో కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు కట్టుకున్న హాలట. చావంటే ఒడ్డు మారడమేనని వాళ్ళ నమ్మకం. వచ్చినవాళ్ళు తలా ఒక పువ్వు పళ్ళెంలో పెడతారు. షీలా అనే పెద్దావిడ ఒక్కో పువ్వూ పట్టుకుని, అది తెచ్చిన మనిషి కోసం అవతలి ఒడ్డు నుంచి ఎవరొచ్చారో చెబుతుంది.

షీలా చెయ్యి అమ్మ పెట్టిన చామంతి మీద ఆగింది. అమ్మమ్మ తన వెనకే నిలబడి ఉన్నట్టు హెప్సికి మెడ మీద జలదరించింది. తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. రాకు అమ్మమ్మా, దండం పెడతాను, ఇప్పుడు రాకు.

షీలా చాలాసేపు కళ్ళు మూసుకుని, తల అడ్డంగా ఊపింది. "నీ కోసం ఎవరూ రాలేదమ్మా," అంది ఇంగ్లిష్‌లో.

బయటికి రాగానే అమ్మ నవ్వుతూ ఏడ్చేసింది.

"చూశావా, రాలా. బతికున్నోళ్ళు ఇక్కడికెట్టా వస్తారే? మీ గుసగుసలకి మా అమ్మ పోయిందేమోనని నేను సగం చచ్చా. ఇట్టాంటి చోటుకి రావడం తప్పే, దేవుడు క్షమిస్తాళ్ళే. వచ్చే ఆదివారం సంఘం ముందు సాక్ష్యం చెప్తా, మా అమ్మని బతికించాడని."

హెప్సికి ఆ ఆదివారం కళ్ళకు కట్టింది. మైకు పట్టుకుని అమ్మ. ఎదురుగా తలలు దించుకున్న ఆంటీలు, అంకుల్‌లు. వాళ్ళలో ఎవరో ఒకరు ఆపుకోలేక ఏడుస్తారు.

"సాక్ష్యం వద్దమ్మా."

"ఏం?"

హెప్సి అమ్మని బస్ స్టాప్ బెంచీ దగ్గరికి నడిపించింది. "ముందు కూర్చో. కాసిని నీళ్ళు తాగు. నా చెయ్యి వదలబాక."

అమ్మ కూర్చుంది. సీసా అందుకోలేదు. కడుపు మీద చెయ్యేసుకుని, కూతురి మొహంలోకే చూస్తూ అడిగింది.

"ఎప్పుడే?"