కాపలా లేని మూల

సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకూ బాస్కెట్‌బాల్ కోర్టు ఆడవాళ్లది. ఈ ఆట ఓడితే ఆ గంట మగవాళ్ల జట్టుకు పోతుందని క్లబ్బు కార్యదర్శి ముందే సెలవిచ్చాడు. మగవాళ్లు వరసగా నాలుగు ఆటలు ఓడినా వాళ్ల గంటల జోలికి ఎవరూ పోలేదు.

దర్జీ పని చేసుకునే చిన్నది కోర్టు కుడిమూలలో నిలబడి ఉంది. ఆఖరి రెండు నిమిషాలు. మూడు పాయింట్లు వెనకబాటు. పై కిటికీలలోంచి దిగిన ఎండ చెక్కనేల మీద అప్పుడే ఇస్త్రీ చేసిన పట్టుగుడ్డలా పరుచుకుంది. బూట్ల కీచులు నీటి అడుగునుంచి వస్తున్నట్టున్నాయి. బంతి చేయి మారుతూంటే, ఎవరో గాలికి నిదానంగా టాకాలు వేస్తున్నట్టు తోచింది ఆమెకు. ఆ బంతి తన చేతికి వచ్చింది. అలవాటు చొప్పున వదినకు విసిరింది.

వదిన అంటే భర్తకు అక్క. ఆరడుగుల మనిషి, జట్టుకు పెద్ద దిక్కు. ఇంట్లో మొదటి కప్పు కాఫీ, కిటికీ పక్క కుర్చీ ఆమెవే. ఆమె అడిగి తీసుకున్నవి కావు, చిన్నది అడగకుండా ఇచ్చినవి. ఆ మర్యాద కోర్టులోకీ వచ్చింది. ఎదుటి జట్టు దాన్ని పది నిమిషాలలో పసిగట్టింది. చిన్నదాన్ని కాయవలసిన పిల్ల ఆమెను గాలికి వదిలేసి, వదిన ముందు రెండో గోడలా లేచింది. బంతి పోయింది.

కోచ్ టైమౌట్ అడిగింది. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరైన మనిషి.

"నీకు కాపలా ఎవరమ్మా?"

"ఎవరూ లేరు టీచర్."

"ఎందుకు లేరు? నువ్వు షూట్ చెయ్యవని వాళ్లకి తెలుసు గనక. మీ వదినకి బంతి ఒక్కటే ఇస్తున్నాననుకుంటున్నావు. దాంతోపాటు నీ శత్రువుని కూడా పంపిస్తున్నావు."

"ఇద్దరు మీద పడితే ఊపిరాడట్లేదే మరదలా," అంది వదిన, సీసా మూత తీస్తూ. "నీ మర్యాదతో నన్ను చంపేసేలా ఉన్నావు."

"వేస్తే పడకపోతే?" అంది చిన్నది.

"నువ్వు కుట్టిన జాకెట్లు ఎన్ని బిగుతై తిరిగిరాలేదు?" అంది జట్టులో ఆడే నర్సు. "నాదైతే రెండుసార్లు వచ్చింది. కొట్టు మూసేశావా?"

చిన్నదానికి నవ్వొచ్చింది.

మళ్లీ అదే మూల, అదే ఎండ. బంతి తిరిగి తమ జట్టుకు దక్కి, తన చేతికి వచ్చింది. వేసింది. ఇనుపచుట్టుకు తగిలి బయటికి దూకింది. నర్సు ఎగిరి దాన్ని పట్టుకుని, ఆలోచించకుండా తిరిగి చిన్నదానికే పంపింది. ఈసారి అది చాలాసేపు గాలిలోనే ఉండిపోయినట్టనిపించింది. పైకి చూస్తూ నిలబడిపోయింది. వల చప్పుడు చేసింది. అంత దూరం నుంచి పడితే మూడు పాయింట్లు; లెక్క సమమయింది.

అవతలివాళ్ల బంతి గురి తప్పింది. పది సెకన్లు. బంతి మళ్లీ మూలకు వచ్చింది. చిన్నది రెండు చేతులా పైకెత్తగానే కాపలా పిల్ల వదినను వదిలి పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్ల ఖాళీ చేసిన చోటులోకి వదిన అడుగు పెట్టడం చిన్నదానికి కలలో కనిపించినంత స్పష్టంగా కనిపించింది. ఇప్పుడు ఇచ్చింది. మర్యాదకు కాదు, అక్కడ దారి ఉంది గనక.

వదిన ఒంటరిగా ఎగిరి వేసింది.

ఆ గంట వాళ్లకే మిగిలింది. కార్యదర్శి, తన సొంత సొత్తు దానం చేస్తున్నవాడిలా, ఆ సంగతి నిండుగా ప్రకటించాడు. ఎవరూ కృతజ్ఞతలు చెప్పలేదు.