ప్యాక్‌హార్స్ పబ్బుకి పదిహేడో యజమాని

పొద్దున్నుంచీ హిల్డా ప్రాస్సర్ కాలు ఒకచోట నిలవలేదు. తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తోంది, కిటికీలోంచి వానలోకి తొంగి చూస్తోంది. కంపెనీ మనిషి ఇవాళే వస్తాడు. పబ్బు బీరు కంపెనీది, లీజుకి తీసుకుని నడిపేవాణ్ణే ఊరంతా యజమాని అంటారు. లీజు భర్త లెన్ పేరున ఉండేది. అతను పోయి తొమ్మిది నెలలైంది, లీజు గడువు ఈ నెలాఖరుతో తీరిపోతుంది. ఆమెకి ఇస్తారో, పబ్బు మూసేసి ఇళ్ళు కట్టుకుంటారో ఆ వచ్చేవాడి చేతిలో ఉంది. పబ్బు పోతే పైనున్న రెండు గదులూ పోతాయి. యాభై ఆరేళ్ళ వయసులో మనిషి ఎక్కడికని పోతుంది, మీరే చెప్పండి!

పన్నెండు గంటలకి వచ్చాడు, ఫెంటన్ అని. "నేనెవరో ఇక్కడ కూర్చున్నవాళ్ళకి చెప్పకండి. కాసేపు కూర్చుని చూస్తాను," అని కౌంటరు దగ్గర మెల్లగా చెప్పి, నేరుగా వెళ్ళి చలిమంట దగ్గర అంబ్రోస్ ట్విగ్ పక్కనే కూలబడ్డాడు. ఊళ్ళో ఇంకెక్కడా చోటు దొరకనట్టు! అంబ్రోస్‌కి ఎనభై ఒకటి. కొత్త చెవి దొరికితే వదిలే రకం కాదు.

"ఈ పబ్బు వయసెంతనుకున్నావు బాబూ? మూడొందల ఏళ్ళు! యజమానులు పదహారు మంది. ఒక్కడంటే ఒక్కడు బాగుపడలేదు," అన్నాడు గర్వంగా.

కౌంటరు వెనక హిల్డా తుడుస్తున్న గ్లాసు దించేసింది.

"మొదటివాడు ఒబదయ్య. బీరులో నీళ్ళు కలిపితే ఊరంతా కలిసి చెరువులో ముంచారు."

"చెరువు కాదు, పేడగుంట," అన్నాడు ఎదురుగా కూర్చున్న సిరిల్.

"నువ్వు చూశావా?"

"నువ్వు చూశావా?"

"మూడోవాడు," అని అందుకున్నాడు అంబ్రోస్, "నేలమాళిగలో దొంగ బ్రాందీ దాచాడు. అయిదోవాడు అత్తగారు మెహితబెల్‌ని ఇక్కడే వదిలేసి వంటమనిషితో ఉడాయించాడు. మా పడుచు రోజుల్లో బెర్ట్ అయితే, సరుకంతా వాడే తాగేసి, మేం వస్తే రేపు రండనేవాడు!"

హిల్డా పరుగున సూపు గిన్నె తెచ్చి పెట్టింది. "అంబ్రోస్ గారూ, చల్లారిపోతోంది, ముందు తినండి."

"సూపుకేం తొందరమ్మా? కథ చల్లారిపోతుంది."

ఆమె బల్ల కింద అతని కాలు తొక్కింది. "కాలెందుకు తొక్కుతున్నావు?" అని ముసలాయన పబ్బంతా వినబడేలా అరిచాడు. ఇలాంటివాడితో ఎలా వేగడం, ఖర్మ కాకపోతే!

ఫెంటన్ నవ్వలేదు. "ఇప్పుడు యజమాని ఎవరు?"

"లెన్. బంగారంలాంటి మనిషి, పోయాడు. ఆ తర్వాత ఎవరూ లేరు."

"మరి ఈవిడ?"

"ఈవిడా? లెన్ పెళ్ళాం. పీపాలు దించుతుంది, వండుతుంది, ఊడుస్తుంది. మంచు పడ్డ రోజున ఈ సిరిల్‌గాణ్ణి ఇంటిదాకా మోసుకెళ్ళింది. అంతే. యజమానేం కాదు."

హిల్డాకి భయం ఎటు పోయిందో పోయింది. ఒళ్ళు మండిపోయింది.

"అంతేనా? పంతొమ్మిదేళ్ళండీ! ఆయన మీతో పేకాట ఆడుతుంటే పీపాలతో ఆ మెట్లు ఎవరు దిగారు? నడుం నొప్పని ఆయన నేలమాళిగ మొహమే చూడలేదు. ఒబదయ్య లెక్కలోకి వచ్చాడు, బెర్ట్ వచ్చాడు, నేను రాలేదా?"

అంబ్రోస్ మొహం కందిపోయింది.

"ఆమె అన్నది నిజమే బాబూ," అన్నాడు చివరికి. "లెన్ మంచివాడేగానీ పని దొంగ. పదిహేడు అనుకో."

ఫెంటన్ లోపలి జేబులోంచి కాగితాలు తీశాడు. "కంపెనీ నుంచి వచ్చాను. మాకు కావలసింది ఆ మెట్లు దిగే మనిషే. పదిహేడో యజమాని పూర్తి పేరు చెప్పండి, రాసుకుంటాను."

కంపెనీ అనగానే బిత్తరపోయినా, చరిత్ర చెప్పేది తనే కదా అని అంబ్రోస్ నోరు తెరిచాడు. తెరిచినవాడు అలాగే ఉండిపోయాడు. సిరిల్ వైపు చూశాడు. సిరిల్ పైకప్పు వైపు చూశాడు. రెండొందల ఏళ్ళ కిందటి మెహితబెల్ పేరు తెలుసు వాళ్ళకి.

"అమ్మా," అన్నాడు ముసలాయన గొంతు తగ్గించి, "నీ పేరేంటి?"

ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. మింగేసింది.

"హిల్డా. హిల్డా ప్రాస్సర్."

ఫెంటన్ రాసి, సంతకం కోసం కాగితం ఆమె ముందుకి జరిపాడు. ఆమె కలం అందుకుంది. పక్కన అంబ్రోస్ చిన్న పిల్లాడిలా "హిల్డా, హిల్డా" అని నోట్లోనే వల్లె వేసుకుంటున్నాడు.