నూట నలభై మూడు సంతకాలు

టిప్పరు డ్రైవరు కోటేశ్వరి పిన్నిని చూడలేదని తర్వాత చెప్పాడు. అబద్ధం. నేను అక్కడే ఉన్నాను. ఆమె పల్లంలోకి దిగి, రెండు చేతులూ చాపి నిలబడింది. అతను అద్దంలో చూసి, బీడీ పారేసి, తొట్టి ఎత్తాడు. లోపల ఇంకా నిప్పు ఆరని ఫ్యాక్టరీ బూడిద ఆమె మోకాళ్ళ దాకా వచ్చి పడింది. పాదాల మీద చర్మం ఊడింది. కంట్రాక్టరు మనిషి ఒకడు వచ్చి, ఏదైనా మందు రాసుకోమని సలహా ఇచ్చి పోయాడు. వాడి ధర్మబుద్ధి తగలెయ్య.

నేను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తెలుగువాళ్ళ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగాను. ఆ పల్లాన్ని మేం జలా అంటాం, బెంగాలీల మాటే. పూరీ గేట్ వైపు నుంచీ మా క్వార్టర్ల లైన్ల నుంచీ వచ్చే వాననీరంతా అందులో చేరి, మెల్లగా ఇంకి, మా బావుల్లోకీ పక్కనున్న ఝపటాపూర్ బోరింగుల్లోకీ వస్తుంది. కంట్రాక్టరు దాన్ని పూడ్చి ప్లాట్లు వేస్తున్నాడు. అప్పటికే చివరి లైను బావిలో నీళ్ళు నల్లబడ్డాయి.

ఈ సంగతి అందరికీ తెలుసనుకోకండి. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయంటే కుళాయిలోంచి అనేవాళ్ళే మాలో ఎక్కువ. ఇక్కడ ఇంజనీరింగు చదువుతున్న వరంగల్ అమ్మాయి హరిణి ప్రతి ఆదివారం వచ్చి తెర మీద బొమ్మలు చూపించేది. మంచి పిల్లే, కానీ మాటల్లో సగం ఇంగ్లీషు. మావాళ్ళు టీ తాగి లేచిపోయేవారు. ఒక ఆదివారం సుబ్బరాజు బాబాయి లేచి ముందుకొచ్చాడు. కోటేశ్వరి పిన్ని భర్త, పట్టాలు చూసుకునే గ్యాంగుకు మేటుగా చేసి రిటైరైనవాడు. సందులో మట్టి పోయించి, చేత్తో గట్లూ పల్లాలూ దిద్ది, అగ్గిపెట్టెలు క్వార్టర్లుగా నిలబెట్టి, పైనుంచి బిందెడు నీళ్ళు పోశాడు. నీళ్ళన్నీ పల్లంలో నిలిచాయి. తర్వాత పల్లం నిండా బూడిద నింపి మళ్ళీ బిందె వంచాడు. అగ్గిపెట్టెలు కొట్టుకుపోయాయి.

"నీరు ఎటు పోతాదో సూడనోడు పట్టా కాయలేడు," అన్నాడు. "ముప్పై ఆరేళ్ళు నాను సేసిన పని అదే. వాన పడితే ముందు కల్వర్టు సూసీవోడిని, తర్వాతే రైలు. ఇప్పుడు మన నీటిదారే మూసేస్తన్నారు."

ఆ తర్వాత హరిణి తెర చుట్టేసి తనూ మట్టి పిసికింది. నెల తిరక్కుండా ప్రతి సందులో ఆ మట్టిబొమ్మ వేశాం. ఝపటాపూర్ వెళ్ళి బెంగాలీలో చెప్పాం. పిల్లలు నీళ్ళు పోస్తే ముసలివాళ్ళు చెప్పేవారు.

ఇక ఏం చెయ్యాలన్న దాని మీద స్కూలు వరండాలో మీటింగు పెట్టాం. లోకో షెడ్డులో పనిచేసే విఘ్నేశ్వర్ లారీలకు అడ్డం కూర్చుందామన్నాడు. యజ్ఞనారాయణ గారు ఒప్పుకోలేదు. ఆయన ఆఫీసులో హెడ్ క్లర్కు చేసి దిగారు, మేమంతా బడాబాబు అంటాం. మా సెలవు చీటీలూ పెన్షను కాగితాలూ ఆయన చేతిమీదుగా వెళ్ళినవే. దేనికైనా ఒక పద్ధతి ఉందనీ, ముందు పై అధికారులకు అర్జీ పెట్టాలనీ అన్నారు. వరుస సంఖ్య, సంతకం, పక్కన హోదా, ఆ పక్కన క్వార్టరు నంబరు. పేరు చాలదా, ఇళ్ళ నంబర్లు దేనికని విఘ్నేశ్వర్ అడిగాడు.

"క్వార్టర్ నంబర్ లేని సంతకం ఎవుడిదిరా? దానికి విలువేటి?" అన్నారు బడాబాబు.

అందరం తలూపాం. రైల్వే వాళ్ళం కదా, కాగితం సరిగ్గా ఉంటే పని జరుగుతుందని ఉగ్గుపాలతో నేర్చుకున్నాం. నూట నలభై మూడు మంది సంతకం పెట్టారు.

ఆ అర్జీ ఏ బల్ల మీద నుంచి జారిందో నేటికీ తెలియదు. పన్నెండో రోజు పొద్దున కంట్రాక్టరు మనుషులు దాని జిరాక్సు పట్టుకుని వచ్చి, వరుస సంఖ్య ప్రకారం తలుపులు కొట్టారు. వాళ్ళకు వెతుక్కునే శ్రమ కూడా లేకుండా మేమే రాసిచ్చాం. ఒకటో నంబరు బడాబాబుది. ఆయన కటక్‌లో కూతురింటికి వెళ్ళి ఉన్నారు. రెండో నంబరు నాది. సంతకం నాది కాదన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను. మూడో తలుపు సుబ్బరాజు బాబాయి తీశాడు. సంతకం తనదేనన్నాడు. ఇనుపగొట్టం తలకు తగిలింది. మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి ప్రాణం వదిలాడు.

శ్మశానానికి వెళ్ళే ముందు పాడెను జలా గట్టు మీద దించాం. పిన్ని ఇంకా మానని కాళ్ళ కట్లతోనే నడిచింది. ఆరు లారీలు వరసగా ఆగిపోయాయి. ఝపటాపూర్ దుకాణాల వాళ్ళు షట్టర్లు దించి వచ్చారు. దహనం అయ్యాక ఎవరూ ఇళ్ళకు పోలేదు, తిరిగొచ్చి లారీల దారికి అడ్డంగా కూర్చున్నాం. మర్నాడు పదకొండు గంటలకు పోలీసు వ్యాన్లు వచ్చి తొంభై మందిని ఎక్కించుకుపోయాయి. మేం స్టేషను చేరేసరికే, మా చోట్లో ఝపటాపూర్ ఆడవాళ్ళు కూర్చున్నారని కబురొచ్చింది.

అక్కడి బెంగాలీ ఆఫీసరుకు మా పేర్లు నోరు తిరగలేదు. కాగితమూ పెన్నూ బడాబాబు ముందు పెట్టాడు. ఆయన కటక్ నుంచి శవం లేచే వేళకు చేరుకున్నారు, అప్పటి నుంచి ఎవరి ముఖమూ చూడలేదు. ఈ గొడవ చేయించిన ఐదుగురి పేర్లూ అడ్రసులూ రాస్తే మిగతావాళ్ళు వెళ్ళిపోవచ్చన్నాడు ఆఫీసరు.

బడాబాబు పెన్ను అందుకున్నారు. నలభై ఏళ్ళలో పై అధికారి రాయమంటే రాయనన్న మనిషి కాదు. ఆయన పెన్నుకు మూత పెట్టి, బల్ల మీదికి తోసేశారు.

"ఒక లిస్టు రాసినాను. మనిషి పోనాడు. ఇంక రాయను," అన్నారు తెలుగులోనే.

ఆఫీసరుకు అర్థం కాలేదు. నేను లేచి బెంగాలీలో చెప్పాను. ఆ అర్జీలో రెండో సంతకం నాదేనని కూడా చెప్పాను. చెప్పి మళ్ళీ కూర్చున్నాను.

ఆఫీసరు విసుగెత్తి తలుపు తీయించాడు. అందరూ పొండి, మళ్ళీ అక్కడ కనిపిస్తే కేసు పెడతానన్నాడు. కోటేశ్వరి పిన్ని కట్లు కట్టిన కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చుని ఉంది.

"రేపూ లారీలొస్తాయి, మేమూ వస్తాం," అంది. "ఆ కేసేదో ఇప్పుడే రాసీ బాబూ."

తలుపు తెరిచే ఉంది. తొంభై మందిలో ఒక్కరూ లేవలేదు.