సంగీతం గదిలో ఏసీ

ఆ వేసవి సెలవుల్లో మా కంపెనీకి ఒక మిడిల్ స్కూలు పని వచ్చింది. గదులన్నిటికీ పైకప్పులో ఇమిడిపోయే ఏసీలు బిగించాలి. నగోయాకు దగ్గర్లోని తజిమి ఊళ్ళో మాది చిన్న కంపెనీ, ఉన్నదే గుప్పెడుమందిమి. పని ఏ స్కూల్లోనో తెలియగానే మా యజమాని, పనివాళ్ళలో అందరికన్నా సీనియరైన ఉసామి అన్నను పక్కకు పిలిచి, దీనికి నువ్వు రావద్దులే, నగోయాలో ఒక ఆఫీసుకు ఏసీలు బిగించే పని ఉంది, అది చూసుకో అన్నాడు. ఉసామి అన్న ఒప్పుకోలేదు. మిగతావి ఎవరు చేసినా సరే, పై అంతస్తులోని సంగీతం గది మాత్రం తనే చేస్తానన్నాడు.

ఆయన కూతురు మిసుజు ఆఖరుసారి బాకా వాయించింది ఆ గదిలోనే. కొన్నేళ్ళ క్రితం, జులైలో, బ్యాండు పోటీకి సాధన చేస్తున్నారు. చప్పుడు భరించలేకపోతున్నామని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఫిర్యాదు చేయడంతో కిటికీలన్నీ మూసి వాయించేవారు. అప్పట్లో ఆ గదిలో ఉన్నవి రెండు ఫ్యాన్లు. సాధన సగంలో మిసుజు లేచి బయటికి వచ్చి వరండాలో పడిపోయింది. ఆస్పత్రికి చేరేసరికే ఒళ్ళు కాలిపోతోంది. మర్నాడు పోయింది. పదమూడేళ్ళ పిల్ల.

తరవాత విచారణ జరిగింది. పిల్ల తనకు బాగాలేదని ఎవరికీ చెప్పలేదని అందులో తేల్చారు. ఆ ఒక్క మాట ఆ ఇంటిని తినేసింది. ఎందుకంటే ఆ రోజు పొద్దున మిసుజు తల బరువుగా ఉందంటే, వాళ్ళమ్మ కనాయె, పోటీ దగ్గరికొచ్చింది కదా, ఎండ అందరికీ ఉన్నదే, కాస్త ఓర్చుకోమని చెప్పి పంపింది. పిల్ల తన మాట విని ఓర్చుకుని చచ్చిపోయిందని కనాయె నమ్మింది. అప్పటినుంచి ఆమె ఇంట్లో ఏసీ వేయలేదు. మా ఊరి ఆగస్టులో ఏసీ లేకుండా ఉండడమంటే పొయ్యి పక్కన కాపురం. పగలంతా పదిమంది ఇళ్ళలో చల్లదనం అమర్చి వచ్చే మనిషి ఇంటికెళ్ళి చెమటలో పడుకునేవాడు. వేయమని ఆమెను ఒక్కసారి కూడా అడగలేదట.

బిగింపులు పూర్తయి పరీక్షలు మొదలుపెట్టాం. చల్లబడినప్పుడు ఏసీలో నీరు ఊరుతుంది. ఆ నీరు కిందనున్న ట్రేలోకి దిగుతుంది. పైకప్పులోని ఏసీకి గొట్టం కాస్త పైకెక్కి వెళ్ళాలి కాబట్టి, ట్రేలో నీటిని ఎత్తిపోయడానికి చిన్న పంపు ఉంటుంది. అది పనిచేయకపోతే నీళ్ళు నేరుగా పిల్లల నెత్తిన పడతాయి. అందుకే పక్కనున్న మూత తీసి, పొడుగుముక్కు సీసాతో నీళ్ళు పోసి, అవి గొట్టంలో ఎక్కుతున్నాయో లేదో కళ్ళతో చూడాలి. నేను పోసేదాన్ని, ఉసామి అన్న టార్చి పట్టుకుని చూసేవాడు.

సంగీతం గదిలో మొదటిసారి పోసినప్పుడు పంపు గుర్రుమంది కానీ నీళ్ళు కదల్లేదు. అన్న ట్రే దింపించి, పంపు నోట్లో చిక్కుకున్న ప్యాకింగు స్పాంజి ముక్క లాగి పారేశాడు. మళ్ళీ బిగించి నిచ్చెనలెక్కుతుండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. తొగావా టీచరు. అప్పట్లో బ్యాండు ఆవిడ చేతికిందే ఉండేది. ఇప్పుడు వేరే స్కూల్లో చెబుతోంది; అన్న ఇక్కడ పని చేస్తున్నాడని తెలిసి వచ్చినట్టుంది. మిసుజు పోయిన తేదీకి ఏటా పూలు పట్టుకుని అన్న ఇంటికి వచ్చేది. వాళ్ళు తలుపు తీసేవారు కాదు.

ఆవిణ్ణి పంపించేస్తానని నేను గొంతు తగ్గించి అన్నాను. అన్న నిచ్చెన మీదనుంచే తల తిప్పి చూశాడు.

"ఎందుకు కువా, ఉండనీ. టీచరు గారూ, ఆ కిటికీలు కాస్త మూయండి. గది మూస్తేగాని చల్లదనం తెలీదు. మీకు అలవాటేగా."

ఉసామి అన్న నోటినుంచి అలాంటి ఎత్తిపొడుపు నేనెన్నడూ వినలేదు. టీచరు చెప్పులు విడిచి లోపలికొచ్చి కిటికీలు ఒక్కొక్కటే మూస్తూ వెళ్ళింది. చివరిదాని మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఉసామి గారూ, మిసుజు నాకు చెప్పింది."

నేను సీసా వంచడం ఆపేశాను.

"పొయ్యి కువా, ఆపకు," అన్నాడు అన్న. టార్చి గొట్టం మీదనుంచి కదల్లేదు. "ఏం చెప్పింది?"

"నీళ్ళు తాగొస్తానంది. కళ్ళు తిరుగుతున్నాయి, ఒక్క నిమిషం అంది. ఈ ముక్క ఇంకొక్కసారి వాయించి వెళ్ళమన్నాను. వాయించింది. తరవాతే బయటికెళ్ళింది."

"విచారణలో మీరలా చెప్పలేదే."

"చెప్పలేదు. ధైర్యం లేకపోయింది. ఏటా చెబుదామనే మీ గుమ్మం దాకా వచ్చేదాన్ని. మీరు తలుపు తీయకపోతే, హమ్మయ్య అనుకుని వెళ్ళిపోయేదాన్ని."

నీళ్ళు గొట్టంలో ఎక్కుతున్నాయి. పంపు ఆపమన్నాడు అన్న. ఆపాను. గొట్టంలోంచి కాసిని వెనక్కి జారి ట్రేలో పడ్డాయి, పొర్లలేదు. బాగానే ఉందన్నాడు. అని కిందికి దిగబోయి దిగలేక, నిచ్చెన పైమెట్టు మీదే కూర్చుండిపోయాడు. టీచరు నేలమీద మోకాళ్ళూని తల వంచింది. గది చల్లబడుతోంది. ఆయన టార్చి ఆర్పి, ఇంక మీరు వెళ్ళండి, అన్నాడు. అంతే.

ఇంటి దగ్గర ఏం జరిగిందో మూడు రోజుల తరవాత, ఆపి ఉంచిన వ్యానులో ఆయనే నాకు చెప్పాడు. కనాయె వంటింట్లో దోసకాయలు తరుగుతోందట. ఈయన నిలబడే మొత్తం చెప్పాడు. ఆమె కత్తి పక్కన పెట్టింది.

"నోరు తెరిచి అడిగిందా?"

"అడిగింది."

"అయితే నా మాట వినలేదన్నమాట," అని కనాయె నవ్విందట. "చూశారా, వినలేదు." పిల్ల పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే ఏడుపులోకి జారిపోయింది. తరవాత రెండు రోజులు అన్నం ముట్టలేదు. గుండె కాస్త తేలికవుతుందనుకుని చెప్పాను కువా, అని ఉసామి అన్న స్టీరింగు మీద తలవాల్చాడు. కనాయె ఆయన్ను ఒక మాట అడిగిందట. ఇన్నాళ్ళూ నన్ను నేను తిట్టుకుంటే సరిపోయేది. దాహమని అడిగిందట, అడిగితే ఇవ్వలేదట, ఇది తెలిసి ఎలా బతకమంటారు అని.

తొగావా టీచరు విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళి తనే అంతా చెప్పేసింది. చలికాలం దాటాక ఉద్యోగం మానేసింది. ఆ తరవాత ఆవిడ ఏమైందో మాకెవరికీ తెలియదు.

ఆ వేసవి సెలవుల ఆఖర్లోనే, స్కూలు తెరవడానికి ముందు వచ్చిన ఆదివారం కనాయె ఆ గది చూస్తానంది. అనుమతి అడిగి నేనే తాళం తెచ్చాను. బాకా వాయించేవాళ్ళు కూర్చునే చివరి వరసలో, కిటికీ పక్క కుర్చీ మిసుజుదని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలుసు. వెళ్ళి అందులో కూర్చుంది. ఉసామి అన్న ఏసీ వేశాడు. మేమిద్దరం గుమ్మం దగ్గరే నిలబడ్డాం. బయట ఎండ మండిపోతోంది. గది నెమ్మదిగా చల్లబడింది. కనాయె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పైనుంచి వచ్చే గాలికి ముఖమెత్తి, కళ్ళు మూసుకుంది.

"ఏమండీ, చలేస్తోంది," అంది కాసేపటికి.

ఆపనా అని అడిగాడాయన. వద్దని తల ఊపింది. ఆయన తన పనికోటు విప్పి ఆమె భుజాల చుట్టూ కప్పి, పక్క కుర్చీలో కూర్చున్నాడు. గేటు మూసే మనిషి వచ్చి పిలిచేదాకా ఇద్దరూ అక్కణ్ణుంచి లేవలేదు.