గుమ్మటం ముందు నీడ

రజిని గాజుపలకను అంచులతో పట్టుకుని పైకెత్తింది. రసాయనం పూసిన వైపు మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, ఉత్త గాజు వైపు తడిగుడ్డతో తుడిచింది. వైపు పొరబడితే నూరేళ్లు దాటిన బొమ్మ గుడ్డకంటుకుని వచ్చేస్తుంది. అందుకే ప్రతిసారీ పలకను వెలుతురుకు ఏటవాలుగా పట్టి, మెరవని వైపేదో చూసుకునేది. ఆ నేలమాళిగలో వెలుతురంటే గోడ పైభాగాన ఉన్న జానెడు అద్దమే. దాని బయట మంచు పేరుకుని ఉంది.

పొద్దున్నుంచీ ఎడమ చెయ్యి లాగుతోంది. పలకల బరువే అనుకుంది.

పైనున్న పెద్ద గ్రంథాలయాన్ని కడుతున్న రోజుల్లో నెలనెలా తీసిన ఫొటోలివి. అన్నీ ఒకే చోటు నుంచి తీసినవి. మొదట గొయ్యి, తరవాత ఇనుప స్తంభాలు, ఆపైన రాతిగోడలు. ప్రతిదానిలో కింది అంచున ఒక మనిషి నీడ. వెడల్పు టోపీ, కాస్త దిగిన ఎడమ భుజం, పక్కన మూడుకాళ్ల కెమెరా. ఎండను వీపున పెట్టుకుని నిలబడ్డ ఫొటోగ్రాఫర్ అతను. నెగటివ్ కాబట్టి పలకమీద తెల్లగా ఉండే ఆ నీడ, స్కాన్ చేస్తే కంప్యూటర్ తెరమీద నల్లబడి నేలమీద పడుకునేది. దాన్ని కత్తిరించెయ్యాలి. గ్రంథాలయం మీద వేస్తున్న పుస్తకానికి భవనం ఒక్కటే కావాలి. కత్తిరించిన బొమ్మలే మిగులుతాయి. పలకలు మాత్రం ఇంకో రాష్ట్రంలోని చల్లని గిడ్డంగికి వెళ్లిపోతాయి. అక్కడ వాటిని మళ్లీ తెరిచి చూసేవాళ్లుండరు.

ఆమె బల్లమీద ఒక చిన్న ఫ్రేమ్ ఉంది. అమెరికా వచ్చిన కొత్తలో, ట్రాయ్ ఊళ్లో మొదటి చలికాలం, మంచులో నవ్వుతూ తను. తీసింది భర్త భాస్కర్. ఇంట్లో ఫొటోలన్నీ అతనే తీసేవాడు, అందుకని ఆమెతో కలిసి ఎందులోనూ లేడు. ఈ ఒక్కదానిలోనే అతని నీడ ఆమె పాదాలదాకా వచ్చి ఆగింది. అతను పోయాక కూతురు అలేఖ్య, అమ్మ మొహం పెద్దగా కనపడాలని, కింది భాగం తీసేసి ప్రింట్ చేయించి పంపింది. అసలు ఫొటో పాత ఫోన్‌తో పాటే పోయింది. “బాగుందా అమ్మా?” అని అడిగితే, “చాలా బాగుందే” అంది రజిని. అంతకంటే ఏమంటుంది?

ఇవాళ ఆఖరి పెట్టె. గుమ్మటానికి ఇనుప పక్కటెముకలు లేచిన పలక వచ్చింది. కింద టోపీ నీడ ఉంది. తరవాతి పలకలో గుమ్మటం పూర్తయింది. నీడ ఉంది గాని టోపీ లేదు. సన్నటి, పొట్టి మనిషి ఎవరో. మిగిలిన పలకలన్నిటిలోనూ అతనే.

నమ్రత అటుగా వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, రజినికి పైఅధికారి.

“నమ్రతా, ఈ ఒక్కదానిలో నీడ ఉంచేద్దామా?”

“మళ్లీ నీడా, ఆంటీ? బిల్డింగ్ ఓన్లీ కావాలన్నారు కదా.”

“ఆయన నిలబడకపోతే బిల్డింగ్ ఎవరు చూశారమ్మా?”

“కెమెరా చూసింది!”

“కెమెరా నడిచొచ్చిందా?”

“త్రీ లెగ్స్ ఉన్నాయి కదా!”

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక రజిని అంది, “తరవాతి దాంట్లో ఆయన లేడమ్మా. వేరే ఎవరో.”

నమ్రత తెరవైపు వంగి చూసింది. “ఓ... సో సాడ్. బట్ బుక్ కమిటీ ఒప్పుకోదు, ఆంటీ. క్రాప్ చేసేయండి, ప్లీజ్.”

భాస్కర్ సంగతి చెబుదామని రజిని నోరు తెరిచింది. ఈలోగా నమ్రత ఫోన్ మోగింది. మాట్లాడుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది.

టోపీ పైనుంచి రజిని అడ్డంగా గీత గీసింది. ఇక నొక్కడమే మిగిలింది. ఆ నెల రోజుల్లో అతనికేమైందో! రాలేదేమని ఎవరైనా అడిగారా? కొత్తవాడు కెమెరా కాళ్లను పాత గుంటల్లోనే పెట్టి ఉంటాడు. ఇన్నాళ్లూ ఒక్కొక్క నీడనూ తన చేత్తోనే తీసేసింది. టోపీ నీడల్లో ఇదే ఆఖరిది. వేలు మౌస్‌మీద ఉంచి, అలాగే చూస్తూ కూర్చుంది.

“ఆంటీ, స్నో స్టార్టయింది. నేను డ్రాప్ చేస్తాను, రండి.”

సాయంత్రం నమ్రత మెట్లమీంచే పిలిచింది. రెండోసారి పిలిచి, కిందికి దిగి వచ్చింది. రజిని కుర్చీలో వెనక్కి వాలి ఉంది. భుజంమీద చెయ్యి వేసినా కదలలేదు.

మరుసటి వారం నమ్రత ఆ కంప్యూటర్ తెరిచినప్పుడు గీత అలాగే ఉంది. ఆంటీ సగంలో వదిలిన పని పూర్తిచేస్తే ఆమె ఆత్మకు తృప్తిగా ఉంటుందనుకుంది. కళ్లు తుడుచుకుని నొక్కింది.

పలకల పెట్టెలు లారీ ఎక్కాయి. ఖాళీ బల్లమీద ఫ్రేమ్ ఒక్కటే మిగిలింది. అందులో మోకాళ్ల దగ్గర తెగిపోయిన రజిని, ఎదురుగా ఉన్న మనిషిని చూసి నవ్వుతోంది.