కంచె లేని కనుమ

నేను ఒక కొండపల్లి బొమ్మని. నా తోటివాళ్లంతా దశావతారాలుగానో, అంబారీ ఏనుగులుగానో పుట్టి అద్దాల బీరువాల్లో కులాసాగా ఉన్నారు. నేను మాత్రం రెండు గుంటలుగా, వాటి మధ్య ఒక మిట్టగా, ఆ మిట్టని దాటే పల్లపు దారిలా ఒక కనుమగా పుట్టాను. ఇలాంటి బొమ్మని ఎవరైనా కొంటారా అంటే, కొన్నారు. యూనివర్సిటీలో లెక్కలు చెప్పే కృపావరం మేడం కాగితం మీద గీసి తెచ్చి మరీ నన్ను చేయించుకున్నారు.

నన్ను చెక్కిన నాగభూషణం ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, దీని మీద ఓ ఆవునన్నా పెట్టనీండి. లేపోతే జనం విరిగిన పీట అనుకుంటారు" అన్నాడు. మేడం ఒప్పుకోలేదు. సరేనని నన్ను చెక్కి, పచ్చరంగు పూశాడు. కానీ చేయి ఊరుకోదుగా! గోళీ కింద పడకుండా అంటూ అంచు వెంట బుల్లి కంచె అతికించాడు. ఒంటికి నగలేని నాకు ఆ కంచె ఒక్కటే సింగారం.

మేడం క్లాసులో నా మీద గోళీ వదిలేవారు. అది దొర్లుకుంటూ పోయి ఏదో ఒక గుంటలో పడేది. "సమీకరణాన్ని నేరుగా సాధించలేనప్పుడు దాన్ని ఇలాంటి నేలగా మార్చుకుంటాం. నేల చదునైన ప్రతి చోటా ఒక సాధన ఉన్నట్టు. గుంటల అడుగు చదునే. ఇంకెక్కడ?" అని అడిగేవారు. పిల్లలు మళ్లీ గుంటల్లోకే చూసేవారు. మనుషుల తీరే అంత, గోళీ ఎక్కడ పడితే చూపూ అక్కడే. ఒక గుంట నుంచి రెండోదానికి ఏ దారిన వెళ్లినా మిట్ట ఎక్కక తప్పదు. అన్నిటికన్నా తక్కువ ఎక్కించే దారి కనుమ మీదుగా పోతుంది. ఎక్కడం ఆగి దిగడం మొదలయ్యే ఆ చోటా నేల చదునే అని చెప్పేసరికి మేడంకి గొంతు ఎండిపోయేది.

ఆ కనుమనే నమ్ముకుంది రిజ్వానా. మేడం దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న గుంటూరు అమ్మాయి. సన్నని బద్దని రెండు కొసల నుంచీ నొక్కితే అది ఇటో అటో వంగుతుంది. ఆ రెండు వంపులూ నా రెండు గుంటల్లాంటివి. ఆ రెంటికీ మధ్య ఎవరి కంటా పడని మూడో ఆకారం ఒకటి ఉందని ఆమె వాదన. దాని సమీకరణంలో ఒక ఘనపదం ఉంది. "ఇది లేకపోతే నా పని ఎంత హాయిగా ఉండేదో" అని నా ముందు కూర్చుని రోజూ సణిగేది.

సెమినార్‌కి ముందు మేడం గదిలో ఒకసారి చెప్పి చూపించాలి. వేడి మిరపకాయ బజ్జీలు తెప్పిస్తారు, అవి చల్లారేలోగా తప్పు పట్టుకోవాలన్నది మేడం పంతం. రిజ్వానా గడగడా చెప్పి, నా కనుమ మీద వేలు పెట్టి, "కాబట్టి మూడో సాధన ఉంది" అంది.

"బాగుంది. మరి గోళీ అంచు దాటి పారిపోదని ఎవరు చెప్పారమ్మా?"

"కంచె ఉంది కదా మేడం!"

మేడం బజ్జీ కింద పెట్టి, నా కంచెని పటుక్కున ఊడబెరికారు. "ఇది నాగభూషణం పెట్టింది. నీ సమీకరణంలో కంచె ఏది?"

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ రిజ్వానా ముఖం చూశాక నా కోపం చల్లారింది. నేనంటే జానెడు చెక్కని. ఆమె నేలకి అంతు లేదు. అంతు లేని నేలలో వాలు తగ్గుతూ, తగ్గుతూ, ఎక్కడా చదును కాకుండానే దూరానికి జారిపోవచ్చు. అప్పుడు కనుమ లేదు, మూడో ఆకారం లేదు, థీసిస్‌లో సగం గాలికి పోయినట్టే. ఏళ్ల తరబడి నన్నే చూస్తూ ఆలోచించి, నా అంచునే లోకం అంచు అనుకుంది పాపం.

నన్ను సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయింది. మర్నాడు పొద్దున కాగితాల మధ్య తల పట్టుకుని కూర్చున్నదల్లా ఉన్నట్టుండి తలెత్తింది. బద్ద ఎంత ఎక్కువ వంగితే ఆ దిక్కుమాలిన ఘనపదం అంత బలం పుంజుకుంటోంది. మిగతా పదాలన్నీ దాని ముందు దిగదుడుపే. దూరం పోయేకొద్దీ నేల అన్ని వైపులా పైకి లేస్తోంది. ఇంక పారిపోయే దారే లేదు!

"అమ్మీ!" అని కేక పెట్టింది. వాళ్లమ్మ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"కంచె దొరికిందే అమ్మీ!"

"మనకి పెరడే లేదు గదే, కంచె దేనికి?"

గురువారం సెమినార్‌లో బోర్డు నిండా రుజువు రాసింది. నన్ను బల్ల మీద పెట్టి కనుమ చూపించింది. వెనక వరుసలోంచి పెద్దాయన ఒకరు లేచి, "ఆ గోళీ అక్కడ నిలబడుతుందా అమ్మా?" అని అడిగారు. రిజ్వానా గోళీని నా కనుమ మీద మెల్లగా పెట్టి చేయి తీసింది. అది క్షణం తటపటాయించి, ఓ గుంటలోకి జారి, ఆ ఊపులో కంచె లేని నా అంచు దాటి, బల్ల మీంచి దూకి కుర్చీల కిందకి పోయింది. అందరూ ఘొల్లున నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"నిలబడదు సార్. కానీ ఆ చోటు ఉంది."

ముందుగా చప్పట్లు కొట్టింది కృపావరం మేడం. చెక్కనైపోయాను గానీ, చేతులుంటే నేనూ కొట్టేదాన్నే.